చీపురునకు ముందు చూపు

ఉగాదికి ముందు ఇండ్లలో బూజు దులుపుట మన ఆచారము. బూజుతోపాటు సాలెపురుగును గూడ చంపుట మాత్రము ఆచారము కాదు, వట్టి అలవాటు. రంగులు గల సాలెపురుగు విషపుదని పెద్దలు చెప్పుదురు, పిల్లలు నమ్ముదురు. కొన్ని యేండ్ల క్రిందట మేమును తరగతిలో ఈ మాటయే చెప్పితిమి. అంతట నొక బాలుడు లేచి, "అయ్యా, మా పెరటి గోడ ప్రక్కన పసుపుచారల సాలీడు నెలదినములుగా నున్నది. ఎవరిని కుట్టలేదే?" అనెను. మాకు జవాబు తోచలేదు. ఆ సాయంకాలమే పోయి చూచితిమి.

దాని పొట్టపై పసుపు, గోధుమవన్నె పట్టెలు. వల నడుమ తెల్లని పట్టుతో గుణకారపు గుర్తు. కాళ్ళను జంటజంటలుగా చాచి, ఆ గుర్తుపై తలక్రిందుగా నున్నది. ఆంగ్లమున దీనిని సంతకపు సాలీడందురు. దీని వలన మనుష్యులకు ప్రమాదము లేదు. మేము చెప్పినది తప్పని మరునాడు తరగతిలో ఒప్పుకొంటిమి.

బెంగుళూరులో కన్నులు తెఱచిన ఇట్టివి మఱికొన్ని కనబడును. గోడపై దుముకుచు ఈగలను పట్టెడి చిన్న సాలీళ్ళలో ఒక జాతిది మగదైనచో నలుపుపై తెల్లచారలు, ఆడదైనచో గోధుమవన్నె. గోడలపై రాత్రివేళ తిరుగు పెద్ద బల్లపరుపు సాలీడు వల అల్లదు, బొద్దింకలను తినును. తోటలలో వానకాలమున బంగారువన్నె దారముతో వల కట్టెడి పెద్ద సాలీడు నలుపు పసుపుల వన్నెది.

అయినను రంగొక్కటే చాలదు. మామిడాకులను కుట్టి గూడు కట్టెడి ఎఱ్ఱచీమలవలె నుండు సాలీడొకటి కలదు. అది ముందుకాళ్ళనెత్తి చీమ మీసములవలె ఆడించును. కాళ్ళు లెక్కించినచో ఆరు గాక ఎనిమిది. కనుక రంగు చూడుడు, చారలు చూడుడు, పిదప కాళ్ళును వలయును చూడుడు. చేతితో మాత్రము పట్టరాదు.

తెలుగునాటనే గుత్తి రైల్వే కట్టెల డిపోలో దొరకిన నీలిరంగు సాలీడునకు 1899లో పోకాక్ అను శాస్త్రజ్ఞుడు పేరు పెట్టెను. దాని నిజమైన నివాసము నంద్యాల, గిద్దలూరుల నడిమి అడవియని 2001లో తెలిసినది. నేడు అది అంతరించు ప్రమాదమున నున్నది. అంతటి అందగత్తె మన సీమదని మన పిల్లలలో ఎందఱికి తెలియును?

కన్నడమున సాలెపురుగును జేడ యందురు. ఆ మాటకు నేతగాడనియు అర్థము. మన "సాలె"కును అదే అర్థము. ఇరుభాషల పూర్వులును దాని పనిని చూచియే పేరు పెట్టిరి, విషమును చూచి కాదు. చూచినదానిని సొంతమాటలలో చెప్పగలిగిననాడే భాష నిలుచును. పాఠము అప్పజెప్పినంత మాత్రమున నిలువదు.

తలిదండ్రులకు మా మనవి యొక్కటి. ఈ ఉగాదికి చీపురు పట్టుటకు ముందు బిడ్డను పిలిచి, ఆ మూలనున్న సాలీడు రంగేమి, చారలెన్ని యని తెలుగున అడుగుడు. విద్యార్థులారా, మీరు చూచినది పది పంక్తులలో వ్రాసి తెండు. తప్పులు మేము దిద్దుదుము. మా తప్పులుండిన మీరు దిద్దుడు.