చార్టు మనమే రాసిస్తే బిడ్డకేం తెలుస్తుంది?

ఈసారి నిమ్మ రేటు గురించి కాదు, బడి ప్రాజెక్టు గురించి రాస్తుండా. కొంచెం పొడుగైంది, తీరిగ్గా చదవండి.

మా వీధిలో ఒక పాప మూడో తరగతి. వాళ్ళమ్మ కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తుంది, పాప జేజి దగ్గర పెరుగుతుంది. బడిలో ఒక్కో బిడ్డను ఒక్కో దేశం గురించి తెలుసుకొనొచ్చి చెప్పమన్నారు. జేజి నా చేతిలో రెండొందలు పెట్టి, "ఆత్మకూరు పోతుండావు గదా నాయనా, నెట్ సెంటర్లో జపాన్ బొమ్మలు తీయించుకొని రా" అనింది. "జపాన్ ఎందుకమ్మా, మీ అమ్మ ఉండే దేశం గురించి చెప్పరాదా?" అని పాపను అడిగినా. తల దించుకొని, "నవ్వుతారు తాతా" అనింది.

ఆ మాట నన్ను నిద్రపోనీలేదు. మన ఉదయగిరి, ఆత్మకూరు పక్క పల్లెల్లో కువైట్ డబ్బుతో లేచిన ఇళ్ళు ఎన్ని లేవు? ఇల్లు గొప్పగా చూపించుకుంటాం. ఆ ఇల్లు కట్టించిన అమ్మ ఏం పని చేస్తుందో బిడ్డ మాత్రం చెప్పుకోలేకపోతుంది. తప్పు బిడ్డది కాదు, మనది.

రెండొందలు తిరిగిచ్చేసినా. ఇట్లాంటి ప్రాజెక్టుల్లో మనం చేసేదేంది? జెండా, రాజధాని, ఒక పెద్ద భవనం ప్రింటు తీసి అంటిస్తాం. రాత అమ్మానాన్నలది, బట్టీ బిడ్డది. కొంతమంది ఆ దేశం వేషం కూడా వేయించి పంపిస్తారు, పిలకాయలంతా చూసి నవ్వుకుంటారు. వారం తిరిగితే ఒక్క ముక్క గుర్తుండదు. సంస్కృతి అంటే జెండా కాదు. ఆ ఊర్లో నీళ్ళు ఎట్లా వస్తాయి, ఏం వండుకుంటారు, పండగకు పిలకాయలు ఏం చేస్తారు, అదీ సంస్కృతి.

అందుకని పాపతోనే నాలుగు ప్రశ్నలు రాయించినా. నేను ఒక్కటీ చెప్పలేదు. మొదటిది ఏందో తెలుసా? "ఆడ ఏరు ఉందా?" ఫ్లోరైడ్ నీళ్ళకు భయపడి క్యాన్లు కొనుక్కుని తాగే ఊరి బిడ్డ ఇంకేం అడుగుతుంది!

మనకు సాయంత్రం ఐదున్నర అయితే వాళ్ళకు మధ్యాహ్నం మూడు. ఆమెకు పని కాస్త తెరిపి ఇచ్చే వేళ చూసి ఫోన్ చేసినాం. ఏరు లేదు, సముద్రం నీళ్ళలో ఉప్పు తీసి తాగుతారని చెప్పింది. రంజాన్ నెల మధ్యలో గర్గియాన్ అని వస్తుందంట. పిలకాయలు సంచులు తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడితే మిఠాయిలు, పప్పులు పోస్తారంట. ఏఎస్ పేట దర్గా గంధం చూసిన మన పిలకాయలకు రంజాన్ కొత్త కాదు గానీ, ఇది కొత్త. మచ్‌బూస్ అనే మాంసం అన్నంలో ఎండబెట్టిన నల్ల నిమ్మకాయ వేస్తారని కూడా చెప్పింది. దాన్ని లూమీ అంటారు. ఉప్పునీళ్ళలో ఉడకబెట్టి, కాయ కాయగానే నల్లబడేదాకా ఎండబెడతారు. నిమ్మ తోటలో పుట్టి పెరిగిన నాకే ఆ సంగతి తెలీదు!

"ఆడ వాన పడదు" అని కూడా అనింది. తర్వాత పుస్తకంలో చూస్తే, చలికాలంలో కొద్దిగా పడుతుందని ఉంది. అమ్మ అబద్ధం చెప్పలేదు, ఆమె చూసింది చెప్పింది. ఒకరు చెప్పింది ఇంకో చోట సరిచూసుకోవాలని పాపకు ఆ ఒక్క మాటతో అర్థమైంది. పరిశోధన అంటే ఇంతకన్నా ఏముంది?

నేను చేర్చింది రెండే సంగతులు. చమురు డబ్బు రాకముందు వాళ్ళు ముత్యాల కోసం సముద్రంలో మునిగినోళ్ళు. తాగే నీళ్ళు బస్రా పక్క నది నుంచి పడవల్లో తెచ్చుకున్నోళ్ళు. ఆ పడవలకు టేకు మన మలబారు తీరం నుంచి పోయేది. రెండోది, 1961లో వాళ్ళ దినార్ వచ్చేదాకా అక్కడ చెల్లింది మన రూపాయే. 1959 నుంచి రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం వేరే రూపాయి నోట్లు కూడా అచ్చేసింది. అది విన్నాక పాప మొహం చూడాల్సింది. అమ్మ పోయింది ఎవరో పరాయి గొప్పోళ్ళ దేశానికి కాదు, ఒకప్పుడు మనతో ఇచ్చిపుచ్చుకున్నోళ్ళ దేశానికే.

సెలవుకొచ్చిన ఇంకొకామె దగ్గర రెండు లూమీలు దొరికినాయి. పాప వాటిని బడికి పట్టుకుపోయింది. చార్టులో బొమ్మలు తనే గీసింది, వంకరగానే ఉన్నాయి. ఐదు నిమిషాలు తెలుగులోనే చెప్పింది. మొదటి మాట, "మా అమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది" అని. ఎవరూ నవ్వలేదంట. నిమ్మకాయ చేతులు మారుతుంటే వెనక బెంచీ అబ్బోడు లేచి, "మా నాయన కూడా ఆడే, డ్రైవరు" అన్నాడంట. అన్నాళ్ళు వాడు కూడా దాచుకున్నాడన్నమాట.

నా మాట ఇదీ. బిడ్డకు జవాబులు రాసివ్వబాకండి. ఎవర్ని అడగాలో చూపించండి, అడగడానికి ధైర్యమివ్వండి. చేత పట్టుకునే వస్తువు ఒక్కటి ఇప్పించండి. మంచితో పాటు కష్టం కూడా చెప్పనివ్వండి, వెక్కిరింపు మాత్రం వద్దు.

రేపు కువైట్‌లో ఒక బిడ్డకు మన దేశం వస్తే, తాజ్‌మహల్ ప్రింటు అంటించి ఊరుకుంటే మనకెట్లుంటుంది? ఉదయగిరి కొయ్య గరిటెలు చెక్కే చేతుల గురించి, సోమశిల నీళ్ళ కోసం మనం చూసే ఎదురుచూపు గురించి వాళ్ళింట్లో పనిచేసే ఆమెను అడిగితే ఎంత బాగుంటుంది! మనమూ అట్లాగే అడగాలి.

మీ ఇంటోళ్ళు ఎవరన్నా బయటి దేశంలో ఉంటే, ఈసారి మాట్లాడేటప్పుడు డబ్బు పంపిన సంగతి అయిపోగానే ఫోను బిడ్డ చేతికివ్వండి.