వానలో ఆ దారిన వద్దమ్మా!

మొన్న సాయంత్రం పునుగులకి నూనె కాగుతోంది. బయట ఒకటే వాన. మా పెద్దమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, ఆటోలో ఉన్నాను. అండర్‌పాస్‌లో నీళ్ళు నిలిచాయి. ముందు బస్సు దాటిందిలే, మేమూ దాటేస్తాం" అంది. గబుక్కున స్టవ్ ఆపేశాను. "వద్దు తల్లీ! డబ్బులెంతైనా సరే, చుట్టూ తిప్పి రమ్మను!" అని కేకపెట్టినంత పని చేశాను. మావారు పేపరు దించి, "నీకన్నీ భయాలే" అన్నారు.

భయాలు కావండీ! మేముండేది బెంగుళూరులో. 2023 మే 21, ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ ఇలాంటి వానే కురిసింది. విధానసౌధకు కూతవేటు దూరంలో కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్ ఉంది. మన కృష్ణా జిల్లా అమ్మాయి, 22 ఏళ్ళది, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఊరు చూద్దామని వచ్చిన తనవాళ్ళతో కారులో వెళ్తూ ఆ నీళ్ళలో చిక్కుకుంది. అడ్డం పెట్టిన బారికేడ్ వానకి పడిపోయిందట, డ్రైవరు దాటేయొచ్చు అనుకున్నాడు. మిగతావాళ్ళని బయటికి లాగారు. ఆ పిల్ల దక్కలేదు. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదంటే నమ్మండి.

మన సింకు జాలీకి నాలుగు మెతుకులు అడ్డం పడితే చాలు, నీళ్ళు నిలిచిపోతాయి కదా? అక్కడా అంతే. నాలుగు వైపుల రోడ్ల నీళ్ళూ ఆ పల్లంలోకే వస్తాయి. రాలిన ఆకులూ, చెత్తా కాలువ మూతికి అడ్డం పడితే ఇంకెక్కడికి పోతాయి? పైగా మురికినీళ్ళలో లోతు తెలియదు. బస్సు ఎత్తుగా ఉంటుంది కనుక దాటేస్తుంది. చిన్నకారయితే అడుగు లోతు నీళ్ళకే తేలిపోవచ్చు. బయట నీళ్ళు ఒత్తుతుంటే తలుపు తెరుచుకోదు. అందుకే ఇరుక్కున్నామనిపించగానే, సామాను సంగతి మరిచి, ముందు కిటికీ అద్దం దించి బయటపడాలి. ఇది మీ పిల్లలకీ, వారికీ ఒకసారి చెప్పి ఉంచండి.

నడిచేవాళ్ళ సబ్‌వేలు వేరే కథ. మెజెస్టిక్‌లో రైల్వేస్టేషన్ నుంచి బస్టాండుకి పోయేదాంట్లో ఎప్పుడూ జనమే, ధైర్యంగా నడుస్తాను. మనిషి అలికిడి లేనిదైతే పట్టపగలు కూడా నాకు కాళ్ళాడవు. ఆ సంగతులు ఇంకోవారం.

అమ్మాయి గంటన్నర ఆలస్యంగా వచ్చింది. ఆటో అతనికి 120 రూపాయలు ఎక్కువిచ్చిందట. "మా వెనక ఆటోలు నాలుగు దాటేశాయమ్మా!" అని మూతి ముడుచుకుంది. ఉల్లిపాయలు వేసిన పిండి ఈలోగా నీరు కారిపోయింది. రెండు చెంచాల వరిపిండి కలిపి మళ్ళీ నూనె పెట్టాను.