ధాత కరువుకు ఒక రాయి

రాప్తాడు రచ్చబండ మీద కరువు మాటెత్తితే అందరూ ఆకాశాన్నే తిడతారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. అదును తప్పడం మన తాతల నాటి నుంచీ ఉన్నదే. వాన తప్పితే జనం లక్షల్లో చావాలన్న నియమం మాత్రం లేదు. 1876-78 నాటి ధాత కరువు చావులకు కారణం పాలకులు. ఈ మాట మన జిల్లా ఇంకా గట్టిగా అనలేదని నా బాధ.

1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేశాడు. కుంపిణీ కలెక్టరు థామస్ మన్రో అనంతపురంలో కూర్చొని రైతు రైతుకూ శిస్తు కట్టాడు. మన్రో మంచివాడే. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లు సీమలో ఉండేవి. ఆ అభిమానాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆయన లెక్కలోనే పంటలో 45 శాతం దాకా సర్కారుకు పోయేది. శిస్తు నాలుగో వంతు తగ్గించమని 1807లో ఆయనే రాశాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. గాదెలో గింజ నిలవని రైతు వాన తప్పిన ఏడు ఏం తిని బతకాలి?

1876లో ధాత నామ సంవత్సరం కరువు తెచ్చింది, వెనకే ఈశ్వర వచ్చింది. అప్పటికి మనం బళ్లారి జిల్లాలో ఉన్నాం. గుత్తి మీదుగా రైలు నడుస్తోంది, ధాన్యం మాత్రం ధర పలికే చోటికే పోయింది. వ్యాపారంలో జోక్యం చేసుకోనని వైస్రాయి లిట్టన్ పట్టుబట్టాడు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా పేర దర్బారు జరిగింది. అదే నెలలో లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ మద్రాసుకొచ్చి, కరువు పనిలో మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. పొద్దస్తమానం రాళ్లు కొట్టి మోసే మనిషికి అది! మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ అది చాలదని పోట్లాడితే గానీ కూలి పెరగలేదు. మద్రాసు రాజధానిలో చనిపోయినవాళ్లు 30 లక్షలకు పైనేనని అంచనా.

1845 తర్వాత ఐర్లండులో ఆలుగడ్డ పంట పోయినప్పుడూ ఓడల్లో తిండి బయటికి పోయింది. ఆ కరువులో చనిపోయినవాళ్లకు ఐరిష్‌వాళ్లు గుర్తులు నిలుపుకున్నారు. మన దగ్గర మన్రోకు గుత్తిలో సమాధి గుర్తు ఉంది, చెన్నైలో గుర్రం మీద విగ్రహం ఉంది. ధాత కరువులో పోయినవాళ్లకు రాప్తాడు చుట్టుపక్కల ఒక్క రాయీ నా కంటబడలేదు.

అనంతపురం కలెక్టరేటు ముందు ఒక రాయి నిలపండి. దాని మీద 1876-78 అని, ఆ పౌను గింజల కూలి లెక్కా చెక్కించండి. మీ ఇళ్లలో అవ్వాతాతలు చెప్పిన ధాత కరువు మాటలుంటే ఈ శీర్షికకు రాసి పంపండి.