నీనెవె ఎందుకు నిలిచింది?

‘ఓజోన్ పొరకు చిల్లు పడిందని ఒకప్పుడు ఎంత గోల చేశారు! ఇప్పుడు ఆ మాటే లేదు. అదంతా శాస్త్రవేత్తల హడావుడి కాదా?’ వాతావరణ మార్పు గురించి సంఘంలో ఎవరైనా మాట్లాడగానే ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికి మంచి జవాబు యోనా గ్రంథంలో ఉందని మేము నమ్ముతున్నాము.

నలభై దినాల్లో నీనెవె నాశనమవుతుందని యోనా చాటాడు. నలభై దినాలు గడిచాయి, పట్టణం మాత్రం నిలిచే ఉంది. అంతమాత్రాన యోనా అబద్ధమాడినట్టా? రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు. పశువులకు సైతం గోనెపట్ట కట్టారు. జనం తమ దుర్మార్గాన్ని విడిచారు (యోనా 3:5-10). హెచ్చరిక నిజమైనది కాబట్టే, దాన్ని విన్నారు కాబట్టే ఆపద తప్పింది. ఓజోన్ విషయంలోనూ జరిగింది ఇంచుమించు ఇదే.

భూమికి సుమారు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున ఈ వాయువు పలచగా పరచుకుని ఉంటుంది. ఎంత పలచగా అంటే, ఆకాశంలో ఉన్న ఓజోన్ మొత్తాన్ని కిందికి దించి నేలమట్టం దగ్గరి పీడనంలో ఉంచితే దాని మందం 3 మిల్లీమీటర్లు. ఆ మూడు మిల్లీమీటర్లే సూర్యుడి అతినీలలోహిత కిరణాల్లో ప్రమాదకరమైన వాటిని చాలావరకు అడ్డుకుంటున్నాయి. అవి నేరుగా దిగితే చర్మ క్యాన్సర్లు, కంటి శుక్లాలు పెరుగుతాయి, శరీరంలోని రోగనిరోధక శక్తి తగ్గుతుంది. పైర్లు దెబ్బతింటాయి. సముద్రంలో చేపలకు ఆధారమైన సూక్ష్మ వృక్షజాలం కూడా దెబ్బతింటుంది.

క్లోరోఫ్లోరోకార్బన్లు, అంటే సీఎఫ్‌సీలు, 1928లో ఫ్రిజ్‌ల కోసం తయారయ్యాయి. మంటలంటుకోవు, విషం కావు, వాసన లేదు. అంతకు ముందు ఫ్రిజ్‌లలో వాడిన విషవాయువులతో పోలిస్తే వీటిని వరమనే అనుకున్నారు. అవి పైకి చేరాక ఏం చేస్తాయో 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ చెప్పారు. ఎండ తాకిడికి విడిపోయిన ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష దాకా ఓజోన్ అణువులను పాడుచేయగలదు. చాలామంది నమ్మలేదు, పరిశ్రమలవారు ఎద్దేవా చేశారు. 1985లో జోసెఫ్ ఫార్మన్, బ్రియాన్ గార్డినర్, జోనాథన్ షాంక్లిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికాలోని హాలీ కేంద్రం కొలతలు బయటపెట్టారు. అక్కడ అక్టోబరు మాసపు ఓజోన్ సుమారు మూడో వంతు తగ్గిపోయింది.

మూడేళ్లు తిరగకుండానే, 1987 సెప్టెంబరు 16న, మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో చేరింది. నేడు 198 పక్షాలు అందులో ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ఒప్పందాల్లో ప్రపంచ దేశాలన్నీ ఆమోదించిన మొదటిది ఇదే. ఓజోన్‌ను హరించే పదార్థాల్లో దాదాపు 99 శాతం వాడకం ఆగిపోయింది. ఈ ఒప్పందం లేకుంటే 2065 నాటికి ప్రపంచ ఓజోన్‌లో మూడింట రెండు వంతులు పోయేదని నాసా శాస్త్రవేత్తలు 2009లో లెక్కగట్టారు. అందుకే ‘ఓజోన్ గోల’ వినబడటం లేదు. ప్రపంచపు నీనెవె ఈ ఒక్క విషయంలో మాట విన్నది.

అలాగని చిల్లు పూర్తిగా పూడిపోలేదు. కొన్ని రకాల సీఎఫ్‌సీలు గాలిలో యాభై ఏళ్లు, కొన్ని వందేళ్లు నిలుస్తాయి. ఈ తీరు కొనసాగితే అంటార్కిటికాపై ఓజోన్ 1980 నాటి స్థితికి రావడానికి దాదాపు 2066 వరకు పడుతుందని 2022 అంచనా నివేదిక చెబుతోంది. పశ్చాత్తాపపడిన దావీదుకు క్షమాపణ వెంటనే దొరికింది, కాని చేసిన పని తాలూకు ఫలితం ఆ ఇంట చాలాకాలం నిలిచింది. గాలి విషయం కూడా అంతే.

ఇక్కడ ఒక గందరగోళాన్ని తొలగించాలి. మన మే నెల ఎండలకు ఓజోన్ చిల్లే కారణమని కొందరు ప్రసంగాల్లో చెబుతున్నారు. అది సరికాదు. ఓజోన్ తరుగుదల ధ్రువాల వద్ద తీవ్రం, మన ప్రాంతంలో స్వల్పం. భూమి వేడెక్కడానికి ముఖ్య కారణం బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించగా పేరుకుపోతున్న బొగ్గుపులుసు వాయువు. (ఆదికాండము మొదటి అధ్యాయంలోని ఆకాశవిశాలమే ఓజోన్ పొర అనే బోధ కూడా వినిపిస్తోంది. లేఖనానికి అలాంటి ఊతకర్రలు అవసరం లేదు.) అయితే రెంటికీ ఒకచోట ముడి ఉంది. సీఎఫ్‌సీలు ఓజోన్‌ను హరించడమే కాక భూమిని వేడెక్కిస్తాయి. వాటి స్థానంలో వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్‌కు హాని చేయవు గాని, వేడిని పట్టి ఉంచడంలో గట్టివే. అందుకే 2016లో కిగాలిలో వాటినీ తగ్గించాలని సవరణ చేశారు. మన దేశం 2021లో దాన్ని ఆమోదించింది. మన తగ్గింపు 2032 నుంచి మొదలవుతుంది.

వేడి సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వారిలో ఎక్కువమంది కూలీలు, వృద్ధులు, నీడ లేనివారు.

‘లోకం ఎలాగూ అగ్నిచేత లయమైపోతుంది, ఇవన్నీ కడవరి దినాల సూచనలు, మనం చేసేదేముంది?’ అనేవారు ఉన్నారు. పేతురు రెండవ పత్రిక మూడో అధ్యాయం చూపుతారు. ఐగుప్తులో కరవు వస్తుందని కూడా దేవుడు ముందే నిశ్చయించి బయలుపరిచాడు. అది విని యోసేపు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఏడేళ్లపాటు పంటలో అయిదో భాగం దాచి కొట్లు నింపించాడు (ఆదికాండము 41). రానున్నది తెలిసినవాడికి పని ఎక్కువే గాని తక్కువ కాదు. ఈ మాటను బతుకులో చూపినవాడు బ్రిటన్‌కు చెందిన సర్ జాన్ హౌటన్. సువార్తిక విశ్వాసి అయిన ఈ శాస్త్రవేత్త వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం తొలి మూడు శాస్త్రీయ నివేదికలకు సారథ్యం వహించారు. 2020లో ప్రభువునందు నిద్రించారు.

యోనా తలపై నీడనిచ్చిన సొరచెట్టును అతడు నాటలేదు, పెంచలేదు. ఒక పురుగు దాన్ని తొలిచింది, ఎండ అతని తలకు తగిలింది (4:6-10). మన తలల మీది నీడ కూడా మనం పెంచింది కాదు. కాని దాన్ని తొలిచిన పురుగు మాత్రం మనమే.

ఇప్పుడు మందిరాల్లో ఏసీలు పెట్టిస్తున్నారు. ఆ ఎండల్లో తప్పుపట్టలేము. అయితే పాత ఏసీలలో ఉండే ఆర్-22 వాయువు ఓజోన్‌నూ హరిస్తుంది, బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1,800 రెట్లు వేడినీ పట్టి ఉంచుతుంది. మరమ్మతుకు వచ్చిన మెకానిక్ పైపు విప్పి దాన్ని గాలిలోకి వదిలేసి కొత్త గ్యాస్ నింపి వెళ్తే ఆ పాపం ఏ లెక్కలోనూ రాయబడదు. ‘పాత గ్యాస్‌ను సిలిండర్‌లోకి తీస్తావా?’ అని కమిటీ పెద్దలు ముందే అడగాలి. తీసే యంత్రం లేనివాడికి పని ఇవ్వకూడదు. పైకప్పుకు తెల్ల సున్నం వేస్తే ఏసీ భారం కొంత తగ్గుతుంది. మే నెల కూటాలను మధ్యాహ్నం మాని తెల్లవారుజామున, సాయంత్రం పెట్టుకోవచ్చు. ప్రహరీ పక్కన వేపమొక్కలు నాటవచ్చు. వాటికి నీళ్లు పోసే వంతు యౌవనస్థులకు అప్పగించండి. ఈ ఖర్చుల సంగతి వచ్చే సంఘ కమిటీ కూటపు చర్చాంశాల్లో చేర్చమని పాఠకులను కోరుతున్నాము.