సీసా అడుగున ఉన్నది పంచదార కాదు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పోయిన వేసవి సెలవులకి ఇళ్లకెళ్లినప్పుడు మా హాస్టల్ పిల్లలం ఆరుగురం పాడేరు వైపు ఊళ్ల నుంచి తలా కొంచెం కొండ తేనె తెచ్చి విశాఖలో అమ్మాం. సంతలో షావుకారు ఇచ్చే రేటు కన్నా నాలుగు రూపాయలు ఎక్కువొస్తే అమ్మలకి ఆసరా, మాకు పరీక్ష ఫీజు. వాట్సాప్ స్టేటస్ పెట్టాం. లెక్చరర్లు, వాళ్ల చుట్టాలు కొన్నారు. నెలలో సరుకంతా అయిపోయింది. మార్కెటింగ్ అంటే ఇంతేనా అనుకున్నాం.

అర లీటరు సీసా నిండా పోసి అరకిలో డబ్బులే తీసుకున్నామని తర్వాత తెలిసింది. తేనె నీళ్ల కన్నా బరువు, లీటరు సుమారు 1.4 కిలోలు తూగుతుంది. సీసాకి 200 గ్రాములు ఉత్తినే పోసేశాం. షావుకారు కాటాని తిట్టే మనమే కాటా పెట్టలేదు! సరే, ఆ నష్టం మనదే.

వానల్లో రెండు సీసాలు పొంగి పుల్లటి వాసన కొట్టాయి. ఈగలు అరలకి మూత వెయ్యకముందే పిండిన తేనెలో నీరెక్కువ, అది పులుస్తుందని ఊళ్లో తాతలు చెప్పారు. తప్పు మాదే, డబ్బులు తిరిగిచ్చేశాం. కానీ ఆ తేనె ఏ ఊరిదో చెప్పలేకపోయాం. సీసాల మీద ఏమీ రాయలేదు కదా.

అసలు దెబ్బ డిసెంబర్‌లో తగిలింది. చలికి తేనె గడ్డకట్టింది. ఒకావిడ ఫోన్ చేసి, అడుగునంతా పంచదారే ఉంది, ఏజెన్సీవాళ్లు కూడా మోసం నేర్చేశారన్నమాట అంది. మా ఆరుగుర్ని అనలేదు, మనందర్నీ అంది. ఆ రాత్రి ఎవరం సరిగ్గా తినలేదు. మంచి తేనె కూడా గడ్డకడుతుంది, గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే కరుగుతుంది. మన ఇళ్లలో చిన్నపిల్లలకీ తెలుసు. ఆవిడకి తెలీదు. అమ్మేటప్పుడు మేం చెప్పలేదు, తర్వాత చెబితే సాకులా వినపడింది.

అందుకే గ్రూపులో అన్నలు ముందు లోగో, ముందు రీల్స్ అంటుంటే మేం ఒప్పుకోలేకపోతున్నాం. నెత్తిన ఈకలు, చేతిలో బల్లెం ఉన్న బొమ్మ వేద్దామన్నారు. మన అమ్మమ్మలు ఎవరు పెట్టుకున్నారు ఈకలు? దాని బదులు ఊరి పేరు, పిండిన నెల, బరువు, "చలికి గడ్డకడుతుంది" అన్న ఒక్క లైను వేద్దాం. ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ కూడా చిన్న వ్యాపారాలకి ఏడాదికి 100 రూపాయలే. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చిందని మనమంతా స్టేటస్‌లు పెట్టుకుంటాం. ఆ గుర్తింపు ఉన్నది ఊరి పేరుకే కదా. మన సీసా మీద మాత్రం మన ఊరి పేరు రాయడానికి ఎందుకో మొహమాటం.

ఆవిడ ఇంటికి ఇద్దరం వెళ్లాం. ఆవిడ ముందే సీసా వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి చూపించాం. మళ్లీ కొంటానని ఏం అనలేదు. టీ ఇచ్చింది.

ఈసారి పసుపు తెద్దామనుకుంటున్నాం. కొమ్ము విరిస్తే టంగుమని శబ్దం రావాలి, అప్పుడే ఎండినట్టు అంటుంది మా అమ్మ. సంచుల్లో కట్టాక మళ్లీ చెమ్మ పట్టకుండా మీ ఇళ్లలో ఏం చేస్తారో కింద రాయండి. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు పెద్దవాళ్లని అడిగి మరీ రాయండి.