పచ్చ రిపోర్టుల హాస్టల్ బువ్వ లెక్క ఏది?

బోధన్ శక్కర్‌నగర్ పోయి ఎవ్వలనన్న అడుగుండ్రి, ఫ్యాక్టరీ నిలవడుడు అంటే ఏందో చెప్తరు. నిజాం షుగర్స్‌ల 51 శాతం వాటా 2002ల ప్రైవేటోళ్ల చేతికి పోయింది. 2015 డిసెంబర్ల లేఆఫ్ వెట్టిండ్రు. కార్మికుడు, చెరుకు రైతు ఇద్దరూ ఆగమైండ్రు.

ఇప్పుడు మన పోరగాండ్లు చూసేది పట్నం దిక్కు. కొంగరకలాన్‌ల ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి 2023 మే 15న పునాదిరాయి వడ్డది. లక్ష కొలువులని అప్పటి సర్కారు చెప్పింది. ఆపిల్ ఫోన్లు జోడిచ్చే ఈ తైవాన్ కంపెనీ ఏటేటా సస్టెయినబిలిటీ రిపోర్టు తీస్తది. 2050 నాటికి నెట్ జీరో అంటది. మంచిదే. పొగ, కరెంటు, నీళ్ల లెక్క ఉండాల్సిందే.

కని 2021 డిసెంబర్ల ఏమైంది? తమిళనాడు శ్రీపెరంబుదూర్‌ల గదే కంపెనీ ఫ్యాక్టరీల పనిచేసే 250 మందికి పైగా ఆడపిల్లలకు హాస్టల్ తిండి తిని పానం బాగలేకుండ అయింది. 159 మంది దవాఖానల వడ్డరు. తోటి పిల్లలు హైవే మీద కూసున్నరు. గప్పుడు గాని ఆపిల్ కదల్లే. హాస్టళ్లు, తినే గదులు సక్కగ లేవని ఒప్పుకొని ఫ్యాక్టరీని ప్రొబేషన్ల వెట్టింది. అంటే తనిఖీలు, రిపోర్టులు వట్టుకోనిదాన్ని రోడ్డెక్కిన పిల్లలు బయటవెట్టిండ్రు.

2024ల పెండ్లైన ఆడోళ్లను ఐఫోన్ పనికి తీసుకుంటలేరని రాయిటర్స్ రాసింది. వివక్ష లేదని కంపెనీ అన్నది. కేంద్ర కార్మిక శాఖ తమిళనాడు సర్కారును రిపోర్టు అడిగింది.

మన దేశంల షేర్ మార్కెట్ల ఉన్న పెద్ద 1000 కంపెనీలు కాంట్రాక్టు కార్మికుల సంఖ్య, ప్రమాదాలు, ఫిర్యాదులు ఏటా చెప్పాలని సెబీ 2022-23 నుంచి రూలు వెట్టింది. ఫాక్స్‌కాన్ షేర్లు ఉన్నది తైవాన్ మార్కెట్ల. గందుకే జాగ, రాయితీలు ఇచ్చే మన సర్కారే షరతు వెట్టాలె: ఫ్యాక్టరీవారీగ, హాస్టల్‌వారీగ లెక్క తెలుగుల బయటవెట్టుండ్రని.

తమ్ముండ్లు, చెల్లెండ్లు! కొలువుకు పోయే ముందు మీరూ అడుగుండ్రి. ఆర్డర్ కాయితం మీద కంపెనీ పేరుందా, కాంట్రాక్టర్ పేరా? పీఎఫ్ నంబర్ ఇస్తరా? హాస్టల్ నడిపేదెవలు? ఫిర్యాదు ఎవలకు చెయ్యాలె?

జవాబు చెప్పని కంపెనీ రిపోర్టు ఎంత పచ్చగున్నా మనకు ఒరిగేదేం లేదు.