ఏడుపు పాపది, నేరం అమ్మదా?

“నిన్న ఏం తిన్నావే?”

నెలన్నర పాప సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి గుక్కపట్టి ఏడుస్తుంటే మా ఇంట్లో మొదట వచ్చిన ప్రశ్న ఇది. ఆ వెనకే “పాలు చాలడం లేదేమో”, “పచ్చి బాలింత పుస్తకాలు పట్టుకుంటే ఇంతే”. నా కంచంలోంచి శనగపప్పు పోయింది, వంకాయ పోయింది. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశారు. పాప ఏడుపు మాత్రం పోలేదు. అందరూ కారణం వెతుకుతున్నామనుకున్నారు. వెతికింది దోషిని.

రోజుకు 3 గంటలకు పైగా, వారానికి 3 రోజులకు పైగా, 3 వారాలకు పైగా ఏడ్చే ఆరోగ్యవంతమైన శిశువు ఏడుపుని ‘కోలిక్’గా 1954లో వెస్సెల్, ఆయన సహచరులు నిర్వచించారు. డెబ్భై ఏళ్లు దాటినా దానికి ఇదీ కారణమని తేలలేదు. ఆ ఏడుపు సుమారు ఆరు వారాల వయసులో హెచ్చి, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది. డబ్బాపాలు తాగే పిల్లలూ ఇలాగే ఏడుస్తారు. మరి తప్పు తల్లిపాలదెలా అవుతుంది? కొద్దిమంది పిల్లలకు ఆవుపాల ప్రొటీన్ పడకపోవచ్చు. అది డాక్టరు తేల్చాలి, ఇరుగుపొరుగు కాదు.

కారణం వెతకొద్దని కాదు. పాప బట్టలన్నీ విప్పి చూడండి. కాలివేలికి వెంట్రుక బిగుసుకుందేమో, గజ్జల్లో వాపుందేమో, కంట్లో గీరుకుందేమో. మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, ఆకుపచ్చ వాంతి అయినా, పాలు తాగడం మానేసినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. వెతకాల్సింది బిడ్డ ఒంటిమీద, తల్లి నడవడిలో కాదు. కానీ మనకి తేలికైనది గ్రైప్ వాటర్. 1851లో ఇంగ్లండులో పుట్టిన ఆ మందులో చాలాకాలం ఆల్కహాలు ఉండేది. ఎలాగైనా బిడ్డ నోరు మూస్తే చాలు!

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. అమ్మ త్యాగం మీద పేజీలకు పేజీలు చదివాను. అర్ధరాత్రి పాపని పక్కన పడుకోబెట్టి ఎక్కడికైనా పారిపోవాలనుకున్న తల్లి నాకు అందులో దాదాపు కనిపించలేదు. నేను అలా అనుకున్నాను. ఓపిక నశించినప్పుడు బిడ్డని క్షేమమైన చోట వెల్లకిలా పడుకోబెట్టి పది నిమిషాలు పక్కకి వెళ్లమని వైద్యులే చెబుతారు. కోపంలో కుదిపితే ప్రాణానికే ముప్పు. కానీ పక్కకి వెళ్లిన తల్లిని మనం ఏమంటాం?

“నాకు రేపు ఆఫీసుంది” అని మా ఆయన వేరే గదిలో పడుకున్నాడు. నాకు రేపు లేదా?

ఈసారి పాప ఏడిస్తే తల్లిని ఏం తిన్నావని కాదు, అసలు తిన్నావా అని అడగండి. అడిగి, పాపని ఎత్తుకోండి.